అర్థం కాకపోతే గొప్ప సినిమానా?

‘1: నేనొక్కడినే’ మీద వాదన ఇన్నేళ్ళయినా తెగలేదు. తెగకపోయినా ఫర్వాలేదు. ఆ వాదన సరిగ్గా చేయడం వస్తే మాత్రం జీడీలో, ఇంటర్వ్యూలో పనికొస్తుంది.

తిరుపతిలో ఏ హాస్టల్‌కైనా రాత్రి పదకొండు దాటాక వెళ్ళండి. ఏదో ఒక గదిలో సినిమా మీద గొడవ నడుస్తుంటుంది. “ఆ సినిమా అర్థం కావాలంటే బుర్ర ఉండాల మచ్చా” అంటాడు ఒకడు. “బుర్ర సంగతి సరే, దాంట్లో కథ యాడుండాదో చెప్పు” అంటాడు ఇంకొకడు. మూడోవాడు ఏమీ మాట్లాడడు. వాడికి సినిమా సగం అర్థం కాలేదు. ఆ మాట పైకి చెప్తే పరువు పోతుందని తల ఊపుతూ కూర్చుంటాడు.

ఈ వ్యాసం ముఖ్యంగా ఆ మూడోవాడి కోసం. ఎందుకంటే రేపు ప్లేస్‌మెంట్ గదిలో కూడా వాడు అట్టే తల ఊపుతాడు. అక్కడ నష్టం పరువుతో ఆగదు.

ఒక మాట ముందే చెప్పేస్తున్నా. కింద రాసిన సినిమాల్లో కొన్నింటి ముడి విప్పక తప్పలేదు. చూడనివాళ్ళు చూసొచ్చి చదువుకోవచ్చు.

సంక్రాంతికి వచ్చిన లెక్క

2014 జనవరి 10న ‘1: నేనొక్కడినే’ విడుదలైంది. హీరో మహేశ్‌బాబు. అంతకు ముందు సంక్రాంతికే ‘సీతమ్మ వాకిట్లో సిరిమల్లె చెట్టు’తో ఇంటిల్లిపాదినీ థియేటర్‌కు రప్పించిన మనిషి. డైరెక్టర్ సుకుమార్. సినిమాల్లోకి రాకముందు కాకినాడలో జూనియర్ కాలేజీ పిల్లలకు లెక్కలు చెప్పిన లెక్చరర్. కృతి సనన్‌కు ఇదే తొలి సినిమా. సంగీతం దేవిశ్రీప్రసాద్, కెమెరా రత్నవేలు. పేర్లు చూస్తే పండగ సినిమానే. లోపల ఉన్నది మాత్రం పండగ సినిమా కాదు.

కథ ఇది. గౌతమ్ ఒక రాక్‌స్టార్. చిన్నప్పుడే అనాథ. తన అమ్మానాన్నలను ముగ్గురు చంపారని గట్టిగా నమ్ముతాడు. ఆ ముగ్గురూ కళ్ళ ముందు కనిపిస్తుంటారు. ఒకరోజు ఆ ముగ్గురిలో ఒకణ్ణి వెంటాడి చంపేసి, తనే వెళ్ళి పోలీసులకు లొంగిపోతాడు. అప్పుడు సమీర అనే జర్నలిస్ట్ తీసిన వీడియో బయటికొస్తుంది. దాంట్లో గౌతమ్ ఒక్కడే ఉన్నాడు. గాలితో కొట్లాడుతున్నాడు. చచ్చినవాడే లేడు. అతనికి ఊహకూ వాస్తవానికీ తేడా తెలియని జబ్బు ఉందని డాక్టర్లు చెప్తారు. అక్కడి నుంచి గోవా, తర్వాత లండన్. మనకు కనిపించేది నిజమా, గౌతమ్ బుర్రలో జరిగేదా అన్నది ప్రేక్షకుడే తేల్చుకోవాలి.

పండగ పూట ఇంటిల్లిపాదీ వెళ్ళి కూర్చుంటే ఏమవుతుంది? ఇంటర్వెల్‌లో పెద్దాయన “ఇంతకీ చంపినాడా, చంపలేదా?” అని అడుగుతాడు. పక్కనున్న కుర్రాడు జవాబు చెప్పేలోపు సెకండాఫ్ మొదలవుతుంది. విడుదలయ్యాక నిర్మాతలు సినిమా నిడివి తగ్గించారు. రెండు రోజుల తేడాతో వచ్చిన ‘ఎవడు’ పండగ జనాన్ని తనవైపు లాక్కుంది. ఇక్కడ ‘1’ నిరాశపరిచింది. అమెరికాలో మాత్రం పది లక్షల డాలర్లు దాటింది. ఆ తర్వాత టీవీలో, ఫోన్‌లో చూసినవాళ్ళు పెరిగేకొద్దీ దానికి కొత్త పేరు వచ్చింది: ‘కాలానికి ముందే వచ్చిన సినిమా’.

అసలు గొడవ ఆ పేరు దగ్గరే ఉంది.

రెండు వర్గాలు, రెండు తప్పులు

మొదటి వర్గం మాట: “జనానికి అర్థం కాలేదు కాబట్టి ఆడలేదు. మనవాళ్ళకు అంత లెవెల్ లేదు.” వినడానికి బాగుంటుంది. చెప్పేవాడు తనంతట తను తెలివైనవాడి జాబితాలో చేరిపోతాడు. కానీ మన చరిత్ర ఈ మాటను ఒప్పుకోదు.

1957లోనే ‘మాయాబజార్’లో ఘటోత్కచుడు శశిరేఖ రూపంలో పెళ్ళిపీటల మీద కూర్చుంటే, తెర మీద ఉన్నది ఏ శశిరేఖో ఎవరూ పక్కవాణ్ణి అడగలేదు. 1991లో సింగీతం శ్రీనివాసరావు ‘ఆదిత్య 369’ తీసి, జనాన్ని టైమ్ మెషిన్‌లో ఎక్కించి కృష్ణదేవరాయల కాలానికీ, అక్కడి నుంచి 2504వ సంవత్సరానికీ తిప్పుకొచ్చారు. చదువు రానివాళ్ళు కూడా ఆ సినిమాను ఎంజాయ్ చేశారు. 2025 ఏప్రిల్‌లో మళ్ళీ థియేటర్లలోకి వచ్చినప్పుడు అప్పటి పిల్లలు ఇప్పటి తమ పిల్లల్ని వెంటబెట్టుకుని పోయారు. 2005లో తమిళం నుంచి డబ్ అయి వచ్చిన ‘గజిని’లో హీరోకు పదిహేను నిమిషాలకు మించి ఏదీ గుర్తుండదు. ఒళ్ళంతా పచ్చబొట్లు, చేతిలో ఫొటోలు, ముందుకీ వెనక్కీ పోయే కథ. మనవాళ్ళు దాన్ని నెత్తిన పెట్టుకున్నారు.

అందులోనూ మన వైపు ప్రేక్షకుడి సంగతి వేరు. కుప్పం, నగరి, పలమనేరు, సత్యవేడు వైపు పిల్లలు తెలుగు సినిమాతో పాటు తమిళమో, కన్నడమో చూస్తూ పెరుగుతారు. సబ్‌టైటిల్స్ లేకుండానే పక్క భాష సినిమా కథ పట్టుకునేవాళ్ళకు లెవెల్ లేదంటే ఎట్ట?

రెండో వర్గం మాట: “ఆడలేదు కాబట్టి చెత్త. ఊరికే హైప్.” ఇదీ తప్పే. వసూళ్ళు చూస్తే ఆ వారం ఎంతమంది టికెట్ కొన్నారో తెలుస్తుంది, సినిమాలో ఏముందో తెలియదు. పండగకు పరమాన్నం తినాలని కూర్చున్నవాడికి మిరియాల చారు పోస్తే తిట్టుకుంటాడు. తప్పు చారుది కాకపోవచ్చు. వడ్డించిన రోజుదీ కావచ్చు.

గమనించండి, ఈ రెండు వర్గాలూ సినిమా గురించి ఒక్క ముక్క మాట్లాడలేదు. ఒకరు ప్రేక్షకుల గురించి చెప్పారు, ఇంకొకరు వసూళ్ళ గురించి చెప్పారు. మన వాదనలు చాలావరకు ఇట్టనే సాగుతాయి. సినిమా లోపలికి పోవాలంటే కొలబద్ద కావాలి.

పొడుపు కథ పరీక్ష

మన అవ్వలు పొడుపు కథలు వేసేవాళ్ళు. మంచి పొడుపు కథకు ఒక లక్షణం ఉంది. జవాబుకు కావలసిన సంగతులన్నీ ప్రశ్నలోనే ఉంటాయి. మనకు తట్టదు, అంతే. అవ్వ జవాబు చెప్పగానే “అరె, ఇంతేనా!” అని నెత్తి కొట్టుకుంటాం. జవాబు విన్నాక కూడా “అదెట్ట?” అని అడగాల్సి వస్తే ఆ పొడుపు కథ బాగా కట్టలేదని అర్థం. బుర్రకు పదును పెట్టే సినిమాకు మొదటి పరీక్ష ఇదే: ముడి విప్పాక “అరె!” అన్నామా, “అదెట్ట?” అన్నామా?

‘1’ ఫస్టాఫ్ ఈ పరీక్షలో మంచి మార్కులతో పాసవుతుంది. కనిపించేదంతా నమ్మొద్దని ఆ వీడియోతో మనకు మొదట్లోనే చెప్పేశాడు. ఆట నియమం చెప్పి మరీ ఆడుతున్నాడు. తర్వాత ప్రతి సీన్‌లోనూ మనమే అనుమానిస్తాం: వీడు ఉన్నాడా, లేడా? హీరో జబ్బు ప్రేక్షకుడికి అంటించడం మామూలు పని కాదు. మామూలు తెలుగు సినిమాలో హీరో చెప్పిందే సత్యం. ఇక్కడ హీరో కళ్ళనే నమ్మడానికి లేదు. అంత పెద్ద స్టార్‌తో, అదీ సంక్రాంతికి, ఆ పని చేయడానికి తెలివితో పాటు గుండె కూడా కావాలి.

సెకండాఫ్‌కు వచ్చేసరికి ఆట మారుతుంది. ‘నిజమా, ఊహా?’ అన్న ప్రశ్న పక్కకు పోయి, ‘ఆధారాలు ఎక్కడున్నాయి?’ అన్న వేట మొదలవుతుంది. రూబిక్స్ క్యూబ్ వస్తుంది, లండన్ వీధులు వస్తాయి, ఒకదాని వెంట ఒకటి గుర్తులు వస్తాయి. ఆ గుర్తులు మనం ముందుగా పసిగట్టేవి కావు. హీరో విప్పుతుంటే మనం చూస్తూ కూర్చోవాలి. చివరికి ఇదంతా ఒక శాస్త్రవేత్త కనిపెట్టిన కొత్త రకం వరి కోసం జరిగిందని తేలుతుంది. ఆ వరి సంగతి మొదటి గంటలో మన మనసులో నాటి ఉంటే “అరె!” అనేవాళ్ళం. ఆలస్యంగా వచ్చింది కాబట్టి “ఓహో” అని ఊరుకున్నాం.

లెక్కల మాస్టారికి లెక్కల భాషలోనే చెప్పాలంటే, ఆన్సర్ కరెక్టే. మధ్యలో కొన్ని స్టెప్పులు ఎగిరిపోయాయి. స్టెప్ మార్కులు పోతాయి.

అవ్వకు చెప్పే పరీక్ష

రెండో పరీక్ష. సినిమా కథను ఇంటి దగ్గర అవ్వకు ఐదు వాక్యాల్లో చెప్పగలరా? చెప్పాక ఆమె “పాపం” అనో, “అట్నా!” అనో అంటుందా?

ఇది సినిమాను చిన్నబుచ్చడానికి పెట్టిన పరీక్ష కాదు. 2014లోనే వచ్చిన ‘ఇంటర్‌స్టెల్లార్’ చూడండి. దాని వెనుక ఉన్నది ఐన్‌స్టీన్ సాపేక్ష సిద్ధాంతం. సైన్స్ సలహాదారు కిప్ థోర్న్‌కు 2017లో ఫిజిక్స్ నోబెల్ వచ్చింది. అంత కష్టమైన విషయాన్ని క్రిస్టోఫర్ నోలన్ ఎక్కడికి తెచ్చి నిలబెట్టాడు? ఒక గ్రహం మీద గంట గడిస్తే భూమ్మీద ఏడేళ్ళు గడిచిపోతాయి. తండ్రి అక్కడికి పోయి తిరిగి ఓడలోకి వచ్చేసరికి ఇరవై మూడేళ్ళు అయిపోయాయి. పిల్లలు పంపిన మెసేజ్‌లు ఒక్కొక్కటే చూస్తూ ఏడుస్తాడు. గల్ఫ్‌కు పోయి పిల్లల ఎదుగుదలంతా ఫోన్‌లోనే చూసిన తండ్రులు కడప, రాయచోటి వైపు ఎంతమంది లేరు? వాళ్ళ ఇంట్లో ఈ కథ చెప్పి చూడండి. సాపేక్ష సిద్ధాంతం ఎవరూ అడగరు. అందరికీ అర్థమవుతుంది.

అదే నోలన్ 2020లో ‘టెనెట్’ తీశాడు. మనుషులూ వస్తువులూ కాలంలో వెనక్కి నడుస్తారు. ఆలోచన అద్భుతం. దాన్ని అవ్వకు చెప్పబోతే రెండో వాక్యంలోనే మనం తడబడతాం. సినిమా అయ్యాక కాగితం మీద బొమ్మలు గీసుకుని అర్థం చేసుకోవచ్చు. నేను కాదనను, కొందరికి ఆ గీసుకోవడమే సరదా. కానీ గీశాక మనకు మిగిలేది ఆ బొమ్మే. హీరో గురించి తెలుసుకున్నది తక్కువ. నా దృష్టిలో ‘టెనెట్’కు వచ్చిన పేరు దాని పనికన్నా పెద్దది.

మరి ‘1’? తను ప్రేమించే అమ్మానాన్నల ముఖాలు కూడా గుర్తులేని కొడుకు. వాళ్ళు ఉన్నారనీ, వాళ్ళను చంపారనీ వాడు చెప్తే లోకం పిచ్చి అంటుంది. వాడికే తన మీద నమ్మకం లేదు. అయినా వెతుకుతాడు. చివరికి వాడు నమ్మిందే నిజం. ఐదు వాక్యాలు. ఏ అవ్వ అయినా “పాపం బిడ్డ” అంటుంది. ఈ పరీక్షలో ఆ సినిమా ఫస్ట్ క్లాస్. బాధ ఏమంటే, మూడు గంటల దగ్గర దగ్గర సాగిన సినిమాలో ఈ ఐదు వాక్యాలు కనబడటానికి చాలా పొగ తొలగించుకోవాలి.

రెండోసారి పరీక్ష

మూడో పరీక్ష తేలిక. ముడి తెలిశాక మళ్ళీ చూడాలనిపిస్తుందా? చూస్తే కొత్తగా ఏమైనా దొరుకుతుందా, లేక గాలి తీసిన బెలూన్‌లా ఉంటుందా?

ప్రశాంత్ వర్మ తొలి సినిమా, నాని నిర్మించిన ‘అ!’ 2018లో వచ్చింది. ఒక రెస్టారెంట్‌లో సంబంధం లేని మనుషులు, సంబంధం లేని కథలు. చివర్లో తెలుస్తుంది, వాళ్ళంతా ఒకే అమ్మాయి మనసులో ఉన్నవాళ్ళని. రెండోసారి చూస్తే మొదటిసారి వింతగా తోచిన సీన్లకు కారణం దొరుకుతుంది. ఒక్కొక్కరి బాధా ఆమె బాధలో ఒక ముక్కే అని తెలిసి కథ బరువెక్కుతుంది.

‘1’ కూడా రెండోసారి చూస్తే బాగుంటుంది. దానికి ఆలస్యంగా పేరు రావడానికి అసలు కారణం ఇదే అని నా అభిప్రాయం. జనం తెలివి పన్నెండు నెలల్లో పెరిగిపోలేదు. ఇంట్లో చూసేటప్పుడు వెనక్కి తిప్పుకోవచ్చు, ఆపుకోవచ్చు, పక్కవాణ్ణి అడగొచ్చు. థియేటర్‌లో ఆ వీలు లేదు. రెండోసారి మెరుగ్గా ఉండటం సినిమాకు ప్లస్సే. కానీ మొదటిసారి చూసేవాడూ టికెట్ కొనుక్కునే వచ్చాడు. వాడికీ ఏదో ఒకటి చేతిలో పెట్టి పంపాలి.

అదే మాస్టారు, ఇంకో లెక్క

ఈ వాదనలో నాకు గట్టి సాక్షి సుకుమారే. ‘1’ తర్వాత 2016లో ‘నాన్నకు ప్రేమతో’ తీశారు. దాంట్లోనూ లెక్కలు, ఎత్తులు, ఎక్కడో జరిగిన చిన్న పని ఇంకెక్కడో పెద్ద మార్పు తేవడం ఉన్నాయి. ఈసారి స్టెప్పులు నెమ్మదిగా చూపించారు. 2018 మార్చి 30న ‘రంగస్థలం’ వచ్చింది. పల్లెటూరు, సరిగా వినబడని చిట్టిబాబు, పంచాయతీ ఎన్నికలు. పైకి చూస్తే దీంట్లో బుర్ర తిరిగేదేమీ లేదు.

కానీ చివర చూడండి. మంచాన పడి స్పృహలేని రాజకీయ నాయకుడికి చిట్టిబాబు కన్నతండ్రికి చేసినట్టు సేవ చేస్తాడు. స్నానం చేయిస్తాడు, అన్నం తినిపిస్తాడు. ఆ మనిషి కోలుకుని కళ్ళు తెరిచాక తెలుస్తుంది, ఇన్నాళ్ళూ బతికించింది చంపడానికే అని. తన అన్నను చంపించినవాడు, ఎందుకు చస్తున్నాడో తెలిసి చావాలి. అప్పటిదాకా చూసిన సేవంతా ఒక్క క్షణంలో అర్థం మారిపోతుంది. థియేటర్‌లో ఒక్కరు కూడా “అదెట్ట?” అని అడగలేదు. అందరూ “అరె!” అన్నారు.

ఇప్పుడు చెప్పండి. ఆ రెండు సినిమాల్లో ఏది తెలివైనది? ఒకటి తెలివిగా కనిపిస్తుంది. ఇంకోదాంట్లో తెలివి కనిపించదు, పని చేస్తుంది. తర్వాత అదే డైరెక్టర్ మన శేషాచలం అడవుల ఎర్రచందనం కథ పట్టుకుని, మన చిత్తూరు యాసతో 2021 డిసెంబరులో ‘పుష్ప’ తీసి దేశమంతా చూపించారు. ఆ యాస అచ్చంగా మనదేనా కాదా అని మనలో మనం వాదించుకోవచ్చు. కథ మాత్రం ఏ రాష్ట్రంలోనూ ఎవరికీ అర్థం కాకుండా పోలేదు.

కాబట్టి నా తీర్పు ఇది. ‘1: నేనొక్కడినే’ హైప్ సినిమా కాదు, దాంట్లో నిజమైన తెలివి ఉంది. ఫస్టాఫ్ తెలుగు సినిమా చేసిన సాహసాల్లో ఒకటి. హైప్ ఉన్నది దాని చుట్టూ తర్వాత అల్లిన కథలో: ‘సినిమాలో లోపమే లేదు, లోపమంతా చూసినవాళ్ళదే’ అన్న కథలో. సినిమాను ప్రేమించండి. ఆ కథను మాత్రం నమ్మొద్దు. నా తీర్పుతో మీరు ఒప్పుకోనక్కర్లేదు. కానీ ఒప్పుకోకపోతే ఏ సీన్ దగ్గర ఒప్పుకోవడం లేదో చెప్పండి. అప్పుడది వాదన అవుతుంది.

జీడీ గదిలో ఇదే కథ

‘ఉద్యోగాల పేజీలో ఈ సినిమా గోల ఏంది సామీ’ అని మీరు అడగొచ్చు. ఇంతవరకు చెప్పుకున్నది మళ్ళీ ఒకసారి చూడండి.

గ్రూప్ డిస్కషన్‌లో ఎనిమిది మందో పది మందో కూర్చుంటారు. ఒకరు లేచీ లేవగానే నాలుగు పెద్ద మాటలు వదులుతారు. మెషిన్ లెర్నింగ్, బ్లాక్‌చెయిన్, పారడైమ్, సినర్జీ. మిగతావాళ్ళలో సగం మందికి అది అర్థం కాదు. అర్థం కాలేదు కాబట్టి అతను గొప్పవాడనుకుంటారు, తల ఊపుతారు. పీలేరు నుంచో పుంగనూరు నుంచో వచ్చిన పిల్ల, తెలుగు మీడియంలో చదివి డిగ్రీకి వచ్చిన పిల్లాడు, అక్కడికక్కడే ఓడిపోయామని నిర్ణయించుకుంటారు. ఇది అచ్చం ‘మనకు లెవెల్ లేదు’ అన్న మాటే. ఎదుటివాడు అనలేదు. మనమే మనల్ని అనుకున్నాం.

బల్లకు అటువైపు కూర్చున్నవాళ్ళకు కావలసింది వేరు. రేపు ఉద్యోగంలో మీరు కష్టమైన విషయాన్ని కస్టమర్‌కు చెప్పాలి, మేనేజర్‌కు చెప్పాలి, పక్క టీమ్‌కు చెప్పాలి. విషయం తెలిసినవాడు దాన్ని విడగొట్టి చెప్పగలడు. తెలియనివాడు దాన్ని పెద్ద మాటల వెనక దాస్తాడు. నాలుగు పెద్ద మాటలు విన్నాక “ఇందాక చెప్పినదాన్ని ఒక ఉదాహరణతో చెప్తారా?” అని మర్యాదగా అడిగి చూడండి. మీరు తెలివితక్కువవాళ్ళని ఎవరూ అనుకోరు. ఉదాహరణ వస్తే అందరికీ లాభం. రాకపోతే ఆ మాటల్లో ఎంత సరుకుందో గదిలో అందరికీ తెలిసిపోతుంది.

ఇంటర్వ్యూలోనూ అంతే. “మీ ప్రాజెక్ట్ గురించి చెప్పండి” అన్న ప్రశ్నకు చాలామంది ‘టెనెట్’ చూపిస్తారు. వాడిన టూల్స్ పేర్లు వరసగా చదువుతారు. ‘ఇంటర్‌స్టెల్లార్’ చూపించండి. ముందు సమస్య ఏంది, అది ఎవరికి ఉంది, మీరేం చేశారు, చేశాక ఏం మారింది. ఉదాహరణకు మీ ప్రాజెక్ట్ టమాటా ధరల మీదే అనుకోండి. ‘మదనపల్లె మార్కెట్‌కు సరుకు ఎక్కువగా వచ్చిన రోజు రైతుకు కూలి ఖర్చు కూడా రాదు, ఏ రోజు తేవాలో ముందే అంచనా వేయడానికి ప్రయత్నించాం’ అని మొదలుపెట్టండి. టూల్ పేరు తర్వాత వాళ్ళే అడుగుతారు. అప్పుడు చెప్తే దానికి విలువ.

తెలియనిది అడిగినప్పుడు “ఇది నాకు తెలియదు సార్, నాకు తెలిసినంతవరకు ఇట్ట ఉండొచ్చు” అనడం ఓటమి కాదు. తెలిసినట్టు తల ఊపి, తర్వాతి ప్రశ్నకు దొరికిపోవడం ఓటమి.

హైప్ సినిమాలకే ఉండదు

ఈ మూడు పరీక్షలకు ఇంకో వాడకం ఉంది, అది నేరుగా జేబుకు సంబంధించింది. కాలేజీ గేటు దగ్గర కరపత్రాలు పంచుతారు. ‘45 రోజుల్లో ఫుల్ స్టాక్’, ‘ఏఐ కోర్సు, వంద శాతం జాబ్’. అమీర్‌పేటకో బెంగళూరుకో పోదామని ఇంట్లో ఆవును అమ్మించినవాళ్ళు, అమ్మ కమ్మలు తాకట్టు పెట్టినవాళ్ళు మన ఊళ్ళలో ఉన్నారు. ఫీజు కట్టే ముందు అవే మూడు ప్రశ్నలు అడగండి.

పొడుపు కథ పరీక్ష: వంద శాతం జాబ్ అన్న జవాబుకు ముందు స్టెప్పులు చూపిస్తున్నారా? ఏ కంపెనీ, ఏ పని, ఎంత జీతం, రాతపూర్వకంగా ఉందా? అవ్వ పరీక్ష: ఈ కోర్సు అయ్యాక నేను ఏ పని చేయగలను అన్నది ఐదు మామూలు వాక్యాల్లో చెప్తున్నారా, లేక పెద్ద పేర్లు చదువుతున్నారా? రెండోసారి పరీక్ష: పోయినేడు అదే కోర్సు చేసినవాళ్ళు ఇద్దరితో మనం విడిగా మాట్లాడితే, వాళ్ళు మళ్ళీ డబ్బు పెట్టి చేరతామంటారా?

మూడింటిలో ఒక్కదానికీ సరైన జవాబు రాకపోతే, ‘మనకు అర్థం కాలేదేమో’ అని సర్దుకుని సంతకం పెట్టొద్దు. అర్థం కానిదానికి టికెట్ కొంటే రెండు మూడు వందలు పోతాయి. అర్థం కానిదానికి ఫీజు కడితే ఇంటిల్లిపాదీ ఏళ్ళ తరబడి కట్టుకోవాలి.

ఈ వారం చేసి చూడండి

నలుగురు ఫ్రెండ్స్ కూర్చోండి. అందరూ చూసిన, ఒకరికైనా అర్థం కాని సినిమా ఒకటి ఎంచుకోండి. ‘1’ కావచ్చు, ‘అ!’ కావచ్చు, ‘ఒకే ఒక జీవితం’ కావచ్చు. ఫోన్‌లో ఇరవై నిమిషాలు టైమర్ పెట్టండి.

మొదటి ఐదు నిమిషాలు కథను ఐదు వాక్యాల్లో చెప్పే ప్రయత్నం. ఒకరు చెప్తే మిగతావాళ్ళు సరిచేయాలి. ఇంగ్లిష్‌లో ప్రాక్టీస్ కావాలంటే ముందు తెలుగులో చెప్పి, తర్వాత అదే ఇంగ్లిష్‌లో చెప్పండి. విషయం స్పష్టంగా ఉంటే భాష దాని వెంట వస్తుంది.

తర్వాతి పది నిమిషాలు వాదన. ఇద్దరు ‘నిజంగా తెలివైనది’ వైపు, ఇద్దరు ‘హైప్’ వైపు. ఒకటే షరతు: ‘బాగుంది’, ‘చెత్త’, ‘లెవెల్’, ‘కలెక్షన్’ అన్న నాలుగు మాటలు వాడకూడదు. ప్రతి మాటకూ సినిమాలోంచి ఒక సీన్ చూపించాలి. సగంలో వైపులు మార్చుకోండి. ఇందాక మీరు తిట్టినదాన్ని ఇప్పుడు మీరే సమర్థించాలి. ఎదుటివాడి వాదనలో బలం ఎక్కడుందో అప్పుడు తెలుస్తుంది.

చివరి ఐదు నిమిషాలు ఒక్కొక్కరూ తమకు అర్థం కాని ఒక్క సంగతి చెప్పాలి. ‘నాకు అన్నీ అర్థమయ్యాయి’ అన్న జవాబు చెల్లదు. మొదట్లో ఇబ్బందిగా ఉంటుంది. రెండు మూడు వారాలు చేశాక అలవాటవుతుంది. ఇంటర్వ్యూ బోర్డు ముందు ఆ అలవాటే మిమ్మల్ని నిలబెడుతుంది.